ఏడో ఆటగాడు

ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ మూడింటికైతే వరదానం పొద్దున్న తొమ్మిదిన్నరకే ఏలూరు స్టేడియం గేటు దగ్గర షేర్ ఆటో దిగాడు. ముప్ఫైనాలుగేళ్ళుగా అతని తీరు అంతే. కొల్లేటి లంకలో చీకటితోనే లేచి, చేపల ప్యాకింగు పని ముగించుకుని, ఐసునీళ్ళకి చివికిపోయిన చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకుని, ఎర్రచొక్కా తగిలించుకుని బయల్దేరతాడు. ఏలూరు జట్టు రంగు ఎరుపు. మ్యాచ్ ఉన్న రోజున ఇంట్లో ఏ పని చెప్పినా అతని చెవికెక్కదు.

అతని గొంతు ఏలూరులో అందరికీ తెలుసు. చిన్నప్పట్నించీ కొల్లేట్లో ఒక దోనె మీంచి ఇంకో దోనెకి కేకలేసి సాగిన గొంతు అది. స్టేడియంలో ఏ మూల కూర్చున్నా ఆ మూల నుంచి మైదానం అంతా వినపడుతుంది. ఒకప్పుడు ఆ కేక అందుకుని నాలుగైదు వేలమంది గొంతు కలిపేవాళ్ళు. పోయినేడు సెమీఫైనల్‌కి వచ్చిన జనాన్ని వరదానం వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ముప్ఫై ఒక్కరు. అందులో ఇద్దరు వేరుశనక్కాయలు అమ్ముకునేవాళ్ళు.

ఆ రోజు గేటుకి అడ్డంగా ఇనపకంచె ఉంది. లోపల లారీల్లోంచి షామియానా రాటలు దింపుతున్నారు. మైదానం మధ్య తెల్లసున్నంతో పెద్ద వలయం గీసి, అందులో హెచ్ అక్షరం వేశారు. కానిస్టేబుల్ దగ్గరికెళ్ళి, "ఏవండీ, ఇవాళ మ్యాచుందండీ ఇక్కడ" అన్నాడు వరదానం.

"మ్యాచేంటండీ? సాయంత్రం సభ. హెలికాప్టర్ దిగుతుంది. మీరు అవతలికెళ్ళండి."

అప్పుడే ఖలీల్ స్కూటర్ మీద వచ్చాడు. పవర్‌పేటలో టైలరింగు షాపు ఆయనది. జట్టు జెర్సీల మీద నంబర్లు ఇరవైరెండేళ్ళుగా ఆయనే కుడుతున్నాడు. వరదానం కంటే ఆరేళ్ళు పెద్ద. ఒకే మెట్టు మీద పక్కపక్కన కూర్చుని ఎన్ని మ్యాచులు చూశారో ఇద్దరికీ లెక్క లేదు.

"నీ ఫోన్ కలవదేంటయ్యా? మ్యాచ్ తాడేపల్లిగూడెం మార్చేశారు. రాత్రి పదింటికి మాస్టారికి మెసేజ్ వచ్చిందంట."

"గూడెంలో గూడెం జట్టుతోనా?"

"గూడెంలో గూడెం జట్టుతోనే. పద, ప్యాసింజరు అందుకుందాం."

రైల్లో భీమశంకరం మాస్టారు కనిపించారు. హైస్కూల్లో పీఈటీగా రిటైరై తొమ్మిదేళ్ళయింది. జట్టుకి కోచీ ఆయనే, మేనేజరూ ఆయనే, బంతులకి గాలి కొట్టేదీ ఆయనే. ఆయన చుట్టూ ఆటగాళ్ళు ఆరుగురే ఉన్నారు. మిగతా ఐదుగురూ పెదవేగి వైపు కుర్రాళ్ళు, పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనివాళ్ళు. వాళ్ళు వ్యానులో నేరుగా గూడెం వచ్చేస్తారని చెప్పి, "ఇవాళ గెలిస్తే రాష్ట్రస్థాయికి వెళ్తాం వరదానం" అన్నారు మాస్టారు. ఆ తర్వాత కిటికీలోంచి చూస్తూ, "ఓడితే ఓడాం. ఆట మాత్రం ఆడాలి. ఆడకుండా వాకోవర్ ఇస్తే రెండేళ్ళు బయట పెడతారు. రెండేళ్ళాగి మళ్ళీ జట్టుని కట్టే ఓపిక నాకు లేదు" అన్నారు.

వరదానం తల ఊపాడు. దెందులూరు దాటాక కిటికీ పక్కన వరిచేలు, చెరువులు, మళ్ళీ వరిచేలు వెనక్కి పోతున్నాయి. గూడెం పేరు వినగానే అతనికి కొడుకు గుర్తొచ్చాడు.

విశ్వాసం ఏలూరు జట్టుకి లెఫ్ట్ వింగ్ ఆడేవాడు. బంతి కాలికి తగిలిందంటే చేపపిల్ల వేళ్ళ మధ్యనుంచి జారినట్టు మనుషుల మధ్యనుంచి జారిపోయేవాడు. వాణ్ణి ఆటలో పెట్టింది వరదానమే. చెరువు పనికి రానివ్వకుండా, పదో తరగతి తప్పినా తిట్టకుండా, వారానికి నాలుగు రోజులు ఏలూరు తీసుకొచ్చి మాస్టారికి అప్పజెప్పాడు. రైల్వే వాళ్ళ ట్రయల్స్‌కి పిలుపు వచ్చింది. ఇంకా పదకొండు రోజులున్నాయనగా ఏలూరు స్టేడియంలోనే, ఏదో సభకి రాట పాతి పూడ్చకుండా వదిలేసిన గుంటలో విశ్వాసం కుడికాలు పడింది. మోకాలు పక్కకి తిరిగిపోయింది. లోపల నరం తెగిందన్నారు డాక్టర్లు. ఆపరేషన్ అన్నారు. ఇవాళా రేపూ అంటూ అది జరగనే లేదు. ఆ దెబ్బ తగిలి నాలుగేళ్ళు.

తర్వాత విశ్వాసం గూడెం పిల్ల పుష్పలతని చేసుకుని అక్కడే ఉండిపోయాడు. మొదట ఉల్లిపాయల మార్కెట్లో సంచులు కుట్టేవాడు. ఈమధ్యే మోకాలికి బెల్టు కట్టుకుని బస్తాలు మోసే ముఠాలో చేరాడు. ఆట గురించి తండ్రితో ఒక్క మాటా మాట్లాడడు. కోపంగా ఉండడు, మాట్లాడడంతే.

గూడెం స్టేడియం జనంతో ఉంది. బయట పుచ్చకాయ ముక్కల బండి, చెరుకురసం బండి, పిల్లల్ని భుజాల మీదెక్కించుకున్న తండ్రులు. మైకులో గూడెం ఆటగాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంటే మెట్లమీద జనం ఈలలేస్తున్నారు. ఇంత జనాన్ని చూసి ఎన్నేళ్ళైందో. వరదానానికి కాసేపు తన జట్టా, అవతలి జట్టా అన్నది కూడా పట్టలేదు. ఖలీల్ రెండు టిక్కెట్లు తీసుకున్నాడు. ఇద్దరూ మైదానానికి దగ్గరగా, ఏలూరు జట్టు కూర్చునే బెంచీ వెనక మెట్టు మీద కూర్చున్నారు. ఎర్రచొక్కాలు మొత్తం స్టేడియంలో రెండే.

రెండూ ముప్పావుకి మాస్టారి ఫోన్ మోగింది. మాట్లాడుతుంటే ఆయన ముఖం వాడిపోవడం వరదానం చూశాడు.

"వ్యాను ఆపేశారంట" అన్నారు మాస్టారు వాళ్ళ దగ్గరికొచ్చి. "సభకొచ్చే మంత్రుల కాన్వాయ్ వస్తోందని హైవే మీద బళ్ళన్నీ నిలిపేశారు. గంట నుంచి కదల్లేదంట."

మూడైంది. గూడెం జట్టు పదకొండుమందీ మైదానంలోకి దిగి బంతి తన్నుకుంటున్నారు. ఏలూరు ఆటగాళ్ళు ఆరుగురూ బెంచీ మీద బూట్లేసుకుని కూర్చున్నారు. రిఫరీ వచ్చి గడియారం చూపించాడు. ఏడుగురుంటే తప్ప ఆట మొదలుపెట్టడానికి రూలు ఒప్పుకోదు. మూడున్నర వరకూ ఆగుతాడు. అంతే.

మూడూ పదికి మళ్ళీ ఫోన్. ట్రాఫిక్ వదిలారు. వ్యాను భీమడోలు దాటింది. ఎంత తోలినా గూడెం చేరేసరికి నాలుగవుతుంది.

"ఒక్కడుంటే చాలు" అన్నారు మాస్టారు. "ఏడుగురితో మొదలుపెట్టేస్తే, వాళ్ళు రాగానే మధ్యలో దింపుకోవచ్చు. పేర్లన్నీ లిస్టులో ఉన్నాయి."

ఆయన చేతిలో ఉన్న లిస్టుని వరదానం చూస్తున్నాడు. పద్ధెనిమిది పేర్లు, ఇవాళ వచ్చేది పదకొండుమందే. పద్ధెనిమిదో పేరు ఎవరిదో అతనికి తెలుసు. నాలుగేళ్ళుగా మాస్టారు ఆ పేరు కొట్టెయ్యలేదు. ప్రతి ఏడూ ఫొటో అంటించి ఆటగాడి కార్డు కూడా చేయిస్తారు. ఎందుకండీ అని ఒకసారి అడిగితే, "ఉండనీ" అన్నారు.

మాస్టారు వరదానం వైపు చూడలేదు. లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన అడగరని వరదానానికి అర్థమైంది.

జేబులోంచి ఫోన్ తీస్తుంటే ఖలీల్ మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు వరదానం."

"ఊరికే నిలబడ్డానికేనండీ."

"నిలబడ్డానికైనా వద్దు. ఆ జట్టు ఇవాళ కాకపోతే వచ్చే ఏడు పోతుంది. నీకు తెలుసు, నాకు తెలుసు, మాస్టారికీ తెలుసు. కుర్రాణ్ణి వదిలెయ్."

వరదానం చెయ్యి విడిపించుకున్నాడు. ముప్ఫైనాలుగేళ్ళలో ఏలూరు ఓడిపోవడం అతను చాలాసార్లు చూశాడు. ఎనిమిది గోల్స్ తేడాతో ఓడినరోజూ చూశాడు. ఆడకుండా వెనక్కెళ్ళడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

అవతల మార్కెట్ గోలలోంచి విశ్వాసం గొంతు వినిపించింది. "ఏంటి నాన్నా? అంతా బానే ఉన్నారా?"

"బానే ఉన్నాం రా. నేను గూడెంలోనే ఉన్నాను. స్టేడియంలో."

కాటా దగ్గర ఎవరో తూకం చెప్పడం వినపడింది.

"ఒక మనిషి తక్కువయ్యాడ్రా" అన్నాడు వరదానం. "నువ్వేం ఆడక్కర్లేదు. లైను పక్కన నించుంటే చాలు. వ్యాను భీమడోలు దాటేసింది. వాళ్ళు రాగానే బయటికొచ్చేద్దువుగాని. అరగంట."

"నాన్నా, ముఠాలో చేరి నాలుగు నెలలే అయింది. రేపు మహారాష్ట్ర లారీలు దిగుతాయి."

"తెలుసురా. పరిగెత్తకు. అస్సలు పరిగెత్తకు."

"నువ్వడుగుతున్నావా, మాస్టారు అడగమన్నారా?"

మాస్టారి పేరు చెబితే వాడు రాడు. అది వరదానానికి తెలుసు. చెప్పొచ్చు కూడా, చెబితే అక్కడితో అయిపోయేది.

"నేనే అడుగుతున్నాన్రా" అన్నాడు.

"సరే. వస్తున్నా."

మూడూ ఇరవైఐదుకి విశ్వాసం ఎవరిదో మోటార్‌సైకిల్ వెనక కూర్చుని వచ్చాడు. జుట్టునిండా ఉల్లిపొట్టు. తండ్రిని చూసి చిన్నగా తలాడించాడు. మాస్టారు జెర్సీ ఇచ్చారు. పదకొండో నంబరు. ఖలీల్ కుట్టిందే. ఆయన ఆ నంబరు వైపు చూడలేక తల పక్కకి తిప్పుకున్నాడు. విశ్వాసం ఎవరివో బూట్లు తొడుక్కున్నాడు, ఒక సైజు పెద్దవి. మోకాలి బెల్టు బిగించుకుని మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి ఎడమ లైను పక్కన నించున్నాడు.

రిఫరీ ఈల వేశాడు.

ఏడుగురు పదకొండుమందితో ఎంతసేపు నిలబడతారు? అయినా నిలబడ్డారు. ఆరుగురూ గోలు ముందు గుంపు కట్టి, పొట్టకి తగిలినా ముఖానికి తగిలినా బంతిని అడ్డుకున్నారు. గోలీ హేమంత్‌కుమార్ రెండుసార్లు పక్కకి దూకి బంతిని బయటికి తోశాడు. మొదట నవ్విన గూడెం జనం కూడా పదినిమిషాలు గడిచేసరికి నవ్వడం మానేశారు. ఎవరో ఏలూరు వాళ్ళకి చప్పట్లు కొట్టారు. విశ్వాసం తండ్రి చెప్పినట్టే లైను పక్కన నిలబడి ఉన్నాడు. రెండుమూడుసార్లు బంతి అటువైపు దొర్లితే, కాలు కదపకుండా లైను బయటికి తోసేశాడు.

వరదానం నిమిషాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. పధ్నాలుగు నిమిషాలు. పదహారు. ఇంకా ఒక్క గోలూ పడలేదు. "వ్యాను ఊళ్ళోకి వచ్చేసిందంట" అని బెంచీ మీంచి మాస్టారు చెప్పారు. వరదానం ముందుకి వంగాడు. నిలబడిపోతారు, పదకొండుమందీ అవుతారు, ఇంత జనం ముందు ఏలూరు ఆడుతుంది, ఎవరికి తెలుసు, గెలవనూ వచ్చు.

అప్పుడే హేమంత్‌కుమార్ బంతిని బలంగా తన్నాడు. గోలు కొట్టాలన్న తొందరలో గూడెం ఆటగాళ్ళంతా ఇటువైపే ఉన్నారు. బంతి అందరి తలల మీదుగా వచ్చి ఎడమ లైను దగ్గర పడి, విశ్వాసం ముందు దొర్లింది. వాడికీ అవతలి గోలుకీ మధ్య గోలీ కాక ఒక్కడే ఒక్కడు. అంతా ఖాళీ పచ్చిక.

వరదానం లేచి నిలబడ్డాడు. తను లేచాడని అతనికి తెలీదు.

"పరిగెత్తరా విశ్వాసం! పరిగెత్తూ!"

కొల్లేటి నీళ్ళ మీద అరమైలు పోయే కేక అది. స్టేడియం మొత్తం ఒక్క క్షణం అటు తిరిగింది. విశ్వాసం పరిగెత్తాడు. నాలుగేళ్ళు గడవనట్టే, మోకాలు తెగనట్టే పరిగెత్తాడు. ఎదురొచ్చినవాణ్ణి ఎడమకి వంగి కుడికి తప్పించాడు, అచ్చం అప్పట్లాగే. జనం అబ్బా అన్నారు. ఖలీల్ మాత్రం రెండు చేతుల్తోనూ ముఖం కప్పుకున్నాడు.

కుడికాలు నేలకానించి ఎడమకాలితో తన్నబోయాడు. తన్నలేదు. ఎవరూ తగల్లేదు, ఏ గుంటా లేదు. కాలు కింద లేనట్టు అలా కూలిపోయాడు. బంతి మెల్లగా దొర్లి గోలీ చేతుల్లోకి వెళ్ళింది.

తడికర్ర విరిగినట్టు చప్పుడు వినపడిందని తర్వాత హేమంత్‌కుమార్ అన్నాడు. అంత దూరానికి వినపడిందో లేదో మరి.

స్ట్రెచర్ మీద తీసుకొస్తుంటే వరదానం గేటు దూకి వెళ్ళాడు. విశ్వాసం పెదవులు తెల్లగా అయిపోయాయి. తండ్రిని చూసి నవ్వబోయాడు.

"నీ కేక వినపడింది నాన్నా. కాళ్ళు వాటంతటవే లేచాయి."

వాడు నిందించడానికి అనలేదు. చిన్నప్పుడు గోలు కొట్టి వచ్చాక చెప్పుకున్నట్టే చెప్పాడు. వరదానం స్ట్రెచర్ కమ్మీ పట్టుకుని నడిచాడు.

మైదానంలో ఆరుగురు మిగిలారు. రిఫరీ ఐదు నిమిషాలు ఆగాడు. ఇంకో రెండు నిమిషాలు తనంతట తనే ఆగాడు. తర్వాత గూడెం జట్టు కెప్టెన్‌నీ, హేమంత్‌కుమార్‌నీ పిలిచి ఏదో చెప్పి పొడుగ్గా ఈల వేశాడు. మైకులో చెప్పారు. ఆటగాళ్ళు చాలనందున ఆట నిలిపివేయబడింది, రూలు ప్రకారం గూడెం మూడు సున్నాతో గెలిచింది.

"అసలు దిగకపోయినా మూడు సున్నాయే కదండీ?" అని ఖలీల్ మాస్టారిని అడిగాడు.

"అవును" అన్నారు మాస్టారు. "ఇదీ వాకోవర్ కిందే రాస్తారు."

వ్యాను వచ్చేసరికి జనం సగం బయటికెళ్ళిపోయారు. పెదవేగి కుర్రాళ్ళు ఐదుగురూ జెర్సీలేసుకుని, బూట్లు కట్టుకుని, పరుగెత్తుకుంటూ లోపలికొచ్చి మైదానంలో ఎవరూ లేకపోవడం చూసి ఆగిపోయారు. మాస్టారు వాళ్ళ దగ్గరికెళ్ళి ఒక్కొక్కడి భుజం మీదా చెయ్యి వేశారు. తర్వాత జేబులోంచి లిస్టు తీసి నాలుగు మడతలు పెట్టి, పారెయ్యాలో ఉంచాలో తెలీక చేతిలోనే పట్టుకుని నించున్నారు.

ఎముకల ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, మళ్ళీ స్కానింగు తీయించి చూశాడు. పాత నరం పూర్తిగా పోయింది, పక్కదీ తెగింది, లోపల గుజ్జు నలిగింది అని చెప్పాడు. ఆపరేషన్ చేస్తే కర్ర లేకుండా నడుస్తాడు. "బరువు పని మాత్రం ఇంక వద్దండీ. ఎప్పటికీ" అన్నాడు.

పుష్పలత మార్కెట్ నుంచి అలాగే వచ్చేసింది. ఐదోనెల కడుపు. భర్త పక్కన కాసేపు నిలబడి, అతని జుట్టులోంచి ఉల్లిపొట్టు ఏరి కిందపడేసి, వరండాలోకి వచ్చింది. వరదానం గోడకానుకుని ఉన్నాడు. ఆమె అరుస్తుందేమోనని ఎదురుచూశాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మావయ్యగారూ, మీరు అన్నం తిన్నారా?" అంది.

"లేదమ్మా."

"మరి మీరెళ్ళండి. చీకటి పడితే లంకకి ఆటోలుండవు. ఇక్కడ నేనుంటాను." గదివైపు తిరుగుతూ, "మీరు అడిగితే ఆయన కాదనరండీ. అది మీకు తెలుసు కదా" అంది. ఆమె గొంతు పెంచలేదు.

వరదానం, ఖలీల్ బస్టాండులో కూర్చున్నారు. ఏలూరు బస్సులు రెండు వచ్చి వెళ్ళిపోయాయి. మూడోది వస్తే ఖలీలే అతని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. దారి పొడుగునా హైవే పక్కన ఎవరివో ఫ్లెక్సీలు గాలికి కొట్టుకుంటున్నాయి. ఏలూరులో దిగేటప్పుడు ఖలీల్, "నేను గట్టిగా పట్టుకోవాల్సింది నిన్ను" అన్నాడు.

ఆపరేషన్ అయింది. విశ్వాసం ఇంట్లో మంచం మీద కాలు చాపుకుని ఉంటున్నాడు. భీమశంకరం మాస్టారు ఒకసారి వచ్చి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళారు. జట్టుని ఎవరూ రద్దు చెయ్యలేదు, అది లేకుండా పోయిందంతే. హేమంత్‌కుమార్ హైదరాబాద్‌లో ఏదో గోడౌన్‌కి కాపలా పనికి వెళ్ళాడు. ఎర్రజెర్సీల మూట ఖలీల్ షాపులో అటక మీద ఉంది.

నెల తిరిగాక ఒక సోమవారం వరదానం గూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి వెళ్ళి ముఠామేస్త్రి అబ్బులుని కలిశాడు.

"మా వాడి చోటు ఇంకా ఖాళీయేనాండీ?"

"ఆ చోటు మర్నాడే నింపేశాం బాబాయ్. లారీలు ఆగవు కదా. అయినా ఎవరికి?"

"నాకేనండీ."

అబ్బులు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. నవ్వలేదు. ఒక బస్తా వైపు చెయ్యి చూపించాడు. ఇద్దరు కూలీలు పట్టి వరదానం వీపు మీదికెత్తారు. అతను పళ్ళు బిగబట్టి పది పన్నెండు అడుగులు వేశాడు. లారీ ఇంకా సగం దూరంలో ఉండగానే మోకాళ్ళు వంగిపోయాయి. కూలీలు పరుగెత్తుకొచ్చి బస్తా అందుకున్నారు.

"యాభై ఆరేళ్ళకి ఈ పనేంటి బాబాయ్" అన్నాడు అబ్బులు మెత్తగా. "ఏరివేతలో కూర్చో. ఆడవాళ్ళతో పాటు. ఇష్టమైతేనే సుమా."

షెడ్డు చివర పదిమంది ఆడవాళ్ళు గుట్ట చుట్టూ కూర్చుని కుళ్ళిన ఉల్లిపాయలు వేరు చేస్తున్నారు. ఘాటుకి అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. పుష్పలత మామగారిని చూసింది. తను కూర్చున్న గోనెసంచిలో సగం మడత విప్పి పక్కకి పరిచి, కొంచెం అవతలికి జరిగింది. వరదానం కూర్చుని గుట్టలోంచి ఒక ఉల్లిపాయ తీసుకున్నాడు. పైకి బాగానే ఉంది, బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. పక్కన పారేసి ఇంకోటి తీసుకున్నాడు.